గొంతుకు పడిన గండి

స్వరపేటికలో ఎదురెదురుగా రెండు చిన్న మడతలుంటాయి. మగవాళ్లలో కూడా వాటి పొడవు రెండున్నర సెంటీమీటర్లు దాటదు. కింది నుంచి ఊపిరి తోసుకొస్తుంటే అవి మూసుకుంటూ తెరుచుకుంటూ అదురుతాయి. మామూలు మాటల్లో మగగొంతులో సెకనుకు వంద నూట ఇరవై సార్లు, ఆడగొంతులో దాదాపు 200 సార్లు. అంచూ అంచూ సరిగ్గా కలిస్తేనే మాట స్పష్టంగా పలుకుతుంది. వాపొచ్చినా, అంచున కాయ కాచినా సందు మిగిలి గాలి జారిపోతుంది, చెరువు కట్టకు గండి పడితే నీళ్లు పోయినట్టు. దాన్నే గొంతు బొంగురుపోయిందని, జీరబోయిందని, రాసుకుపోయిందని అంటారు.

పాపఘ్ని నది కొండను చీల్చుకొని పారే గండి క్షేత్రంలో శ్రావణ శనివారాలు వీరాంజనేయస్వామికి తిరునాళ్ల లాంటివి. అక్కడ ఆడే ఈ సీమ చెక్కభజనలో పాట బరువంతా గురువు మీదే. చరణం ఎత్తుకునేదీ ఆయనే, అడుగు మారినప్పుడు కేకేసేదీ ఆయనే. చెక్కలకు బిగించిన బిళ్లలు, కాళ్ల గజ్జెలు, డోలు ఒక్కసారి మోగితే ఆయన గొంతు ఆయనకే వినపడదు. వినపడని మనిషి తనకు తెలియకుండానే గొంతు పెంచుతాడు. ఎతియెన్ లొంబార్ అనే ఫ్రెంచి వైద్యుడు ఈ సంగతిని 1911లోనే బయటపెట్టాడు. కాబట్టి గొంతును తినేది పాట కాదు, పాట చుట్టూ ఉన్న మోత. తెల్లారి టీ అంగడి దగ్గర గురువు రెండు వేళ్లు చూపించి రెండు టీలు చెప్పడం అందుకే. తరగతిలో అరిచే పంతులమ్మకూ, మార్కెట్లో వేలంపాట పాడేవాడికీ ఇదే గతి.

రాత్రి భోజనం కూడా ఇందులో పాలుపంచుకుంటుంది. భజన ముగిశాక అర్ధరాత్రి ఊరిబిండితో సంగటి తిని వెంటనే పడుకుంటే కడుపులోని పులుపు గొంతు దాకా ఎగదన్నుతుంది. గుండెమంట లేకుండానే పొద్దున్నే గొంతు బొంగురుగా ఉండటానికి ఇదొక కారణం. బీడీ పొగ, రాతి దుమ్ము మడతలను ఎండబెడతాయి. జలుబుతో పోయిన గొంతు చాలావరకు వారం రెండు వారాల్లో తనంతట తనే వస్తుంది. అది ఎక్కువగా వైరస్ పని కనుక యాంటీబయాటిక్‌తో ఒరిగేదేమీ ఉండదు.

అసలు మందు మౌనం. మన ఊళ్లలో అంతకన్నా కష్టమైన పథ్యం లేదు, పలకరిస్తే పలకకపోవడం పొగరు కింద లెక్క. పోనీ గుసగుసలాడదామంటే అది చాలామందిలో గొంతును ఇంకా బిగబట్టిస్తుంది. మెల్లగా మాట్లాడటమే నయం. తాగిన నీళ్లు మడతలను తాకవు, అన్నవాహికలోకి పోతాయి. అయినా ఒంట్లో నీరు తగ్గకపోతే మడతల మీది తడి ఆరదు. వేడినీటి ఆవిరి మాత్రం నేరుగా వాటిదాకా చేరుతుంది. కరక్కాయ బుగ్గన పెట్టుకుంటే, మిరియాలు పటికబెల్లం చప్పరిస్తే లాలాజలం ఊరి ఉపశమనంగా ఉంటుంది, అంతవరకే. గొంతు హాయిగా ఉంది కదా అని మళ్లీ పాటకు దిగడంలోనే ముప్పుంది.

అరిచి అరిచి మడతల అంచున రెండు వైపులా కాచే కాయలు, నాగలి పట్టిన చేతి కాయల్లాంటివే. తొలిదశలో ఇవి విశ్రాంతికీ, స్వర వ్యాయామానికీ లొంగుతాయి. కోసి తీసేసినా పాత తీరునే పాడితే మళ్లీ కాస్తాయి. ఒక్క పెద్ద కేకతో రక్తనాళం చిట్లి ఒకవైపే బుడిపె లేచినప్పుడు మాత్రం తరచుగా శస్త్రచికిత్స కావాలి.

మూడు నాలుగు వారాలైనా బొంగురు తగ్గకపోతే ముక్కు చెవి గొంతు డాక్టరు లోపలికి చూడాల్సిందే. 1854లో మాన్యువెల్ గార్సియా అనే గాన గురువు అద్దాల సాయంతో తన స్వరపేటికను తానే చూసుకున్నాడు. ఇప్పుడు సన్నటి గొట్టపు కెమెరాతో ఆ పని నిమిషాల్లో అయిపోతుంది. బీడీ తాగేవాళ్లకైతే ఆలస్యం కూడదు, క్యాన్సర్ తొలి గుర్తు అదే కావచ్చు. మింగలేకపోయినా, ఊపిరి ఆడకపోయినా, దగ్గులో రక్తం పడినా వారాలు లెక్కపెట్టకూడదు. ఎడమ మడతను నడిపే నరం ఛాతీలోకి దిగి బృహద్ధమనిని చుట్టి పైకొస్తుంది. అందుకే ఒక్కోసారి జబ్బు ఛాతీలో ఉండి గొంతు పడిపోతుంది.

కోలుకున్న గొంతును మొదట మూసిన పెదవులతో కూనిరాగానికి, తర్వాత తక్కువ శ్రుతికి అలవాటు చేయాలి. భజన బృందం చేతిలో ఉన్న పని ఇంకొకటుంది. మైకు పెట్టెల్లో ఒకదాన్ని గురువు వైపు తిప్పడం, పక్కన రెండో గొంతును తయారుచేసుకోవడం. ఆ గొంతు చరణం ఎత్తుకున్నంతసేపూ గురువు నీళ్లు తాగొచ్చు.