జీర్ణవస్త్రశిల్పమున లోపవిచారము

దేహి దేహమును విడుచుటను నరుఁడు జీర్ణవస్త్రమును విడుచుటతోఁ బోల్చిన గీతోపమానము ఎల్లరు నెఱిఁగినదే. విడువఁబడిన యా వస్త్రము పిమ్మట నేమయ్యె నను ప్రశ్నకు నచ్చటఁ దావు లేదు. ఉపమానమున కంతవఱకుఁ బనియు లేదు. ఆ ప్రశ్నను సూటిగా నడిగినవాఁడు కౌశాంబీపతి యగు ఉదయనుఁడు. పాలిభాషయందలి వినయపిటకమున, చుల్లవగ్గమున నీ కథ గలదు. అంతఃపురస్త్రీలు ఆనందభిక్షువునకు ఐదువందల వస్త్రముల నొసఁగి రని విని, సన్న్యాసి కిన్ని వస్త్రము లేల, అంగడి పెట్టునా యని రాజు శంకించెను. చీవరములు చినిఁగిన భిక్షువులకుఁ బంచిపెట్టుదు నని ఆనందుఁడు చెప్పెను. మఱి చినిఁగిన చీవరము లేమగు నని రాజు వదలక యడిగెను. అవి దుప్పట్లగును, ప్రాఁత దుప్పట్లు పఱుపుగవిసెన లగును, గవిసెనలు నేలపఱుపు లగును, పఱుపులు కాలితుడుపు లగును, తుడుపులు దుమ్ముదులుపు గుడ్డ లగును, కడపట వానిని ముక్కలు చేసి మట్టితోఁ బిసికి నేల నలుకుదురు. రాజు సంతసించి మఱి యైదువంద లిచ్చెను.

ఈ సోపానక్రమమున మెట్టుమెట్టునకు వస్త్రము దిగుచున్నది. దానిఁ గట్టినవాని గుఱుతును మాయుచున్నది. కొందఱు శిల్పులు వస్త్రమును నడుమ నొక మెట్టుననే యాఁపి, చిత్రఫలకముగనో విగ్రహముగనో నిలుపుదురు. వంగదేశపు గృహిణులు తరతరములుగాఁ జేసిన పని యిదియే. ఐరోపాశిల్పులును గడచిన యఱువదియేండ్లుగా దీనినే చేయుచున్నారు. మొదటిది యింటిపని యనియు, రెండవది కళ యనియు విభజించుట పెక్కండ్ర వాడుక. ఆ విభాగము నిలుచునా యనునది విచార్యము.

వైయాకరణులకు లోప మనఁగా నభావము గాదు, అదర్శనము. అగ్నిచిత్ అను శబ్దమునఁ గ్విప్ప్రత్యయము సర్వము లోపించినది. ఒక్క వర్ణమైన మిగులలేదు. అయినను నా ప్రత్యయము నిమిత్తముగాఁ గలిగిన తుగాగమము, అనఁగాఁ జివరి తకారము, నిలిచియున్నది. కనఁబడని ప్రత్యయమునకుఁ గనఁబడు తకారమే సాక్షి. ఇట్లు గాక లుక్కు మున్నగు పేళ్లతోఁ బోయిన ప్రత్యయము అంగముపైఁ దన కార్యమును జూపఁజాలదు. ఇరుదెఱఁగులఁ బ్రత్యయము గానరాదు. భేదము పోయిన రీతియందే యున్నది. జీర్ణవస్త్రశిల్పమున, వస్త్రమును గట్టిన మనుష్యుఁడు లోపించును. అతఁడు తకారమును విడిచిపోయెనా లేదా యనునదియే పరీక్ష.

హర్యానాలోని పానిపట్టున విదేశములనుండి వచ్చిన ప్రాఁత యున్నిదుస్తులను రంగులవారిగా వేఱుపఱచి, చించి, పీచు చేసి, మరల నూలు వడికి కంబళ్లు నేయుదురు. మిక్కిలి యుపయోగకరమైన పని. కాని యా కంబళిలో నే దేశపు దొరసాని కోటు గలదో చెప్పుట బ్రహ్మకును శక్యము గాదు. అది లుక్కు.

కంథాశబ్దమునకుఁ బాణినీయమునఁ బ్రత్యేకసూత్రములే కలవు. ఉశీనరదేశమున సంజ్ఞ యైనపుడు కంథాంతతత్పురుషము నపుంసక మగు నని యొకటి. ఆ యూరిపేళ్లకును బొంతకును బంధుత్వము గల్పించుట సాహసము గావున వదలుటయే మేలు. తెనుఁగువారికిఁ గంథ యనఁగా బొంత: ప్రాఁతకోకలను, పంచెలను పొరలుగాఁ బఱచి కుట్టినది. గంతకుఁ దగ్గ బొంత యని సామెతలో దానిని వెక్కిరించినను, పురిటిబిడ్డను బండుకొనఁబెట్టునపుడు దానినే వెదకుదురు. క్రొత్తవస్త్రమున కా మెత్తఁదనము రాదు. వంగదేశపుఁ గంథయు మూలమున నిదియే. అచ్చటి స్త్రీలు, పలుమాఱు లుదికి పలుచనైన తెల్లకోకలను బొరలుగాఁ బఱచి, ప్రాఁతకోకల యంచులనుండియే యెఱ్ఱ, నల్ల, నీలి దారములు లాగి, సాదా యెదురుకుట్టుతోఁ బద్మములు, చెట్లు, ఏనుఁగులు, రథములు గుట్టిరి. బొమ్మల నడుమఁ జోటంతయుఁ దెల్లదారపు సన్నకుట్టు నిండియుండును. మెత్తఁబడిన పొరలు కుట్టు బిగువునకు ముడుతపడి, నీటియలలవంటి పొంగు పుట్టును. ఆ యల చిత్రించినది గాదు; కట్టి యుదికి యరగఁదీసిన వస్త్రమగుటచేతనే యంత చక్కఁగాఁ గలిగినది. ఇదియే తకారము. ఇఁక నంచుదారమా, స్థానము మాఱినదే కాని కోకను విడిచిపోలేదు.

గురుసదయ దత్తు (1882–1941) సేకరించిన కంథలలో మానదాసుందరి కుట్టినది ప్రసిద్ధము. అందుఁ దన తండ్రికై స్వహస్తములఁ గుట్టిన ట్లక్షరములుగాఁ గుట్టియున్నది. సిపాయీలును దొరలును గూడ నందుఁ జేరిరి. కట్టినవారు, కుట్టినది, కప్పుకొనవలసినవాఁడు ఒక్క యింటివారు. 1929లో వెలువడిన జసీముద్దీను కావ్యము "నక్షీ కాంథార్ మాఠ్"లో నాయిక తన బ్రదుకును కంథపైఁ గుట్టి, దానిని దన సమాధిపైఁ బఱపింపఁ గోరును. కంథను వట్టి కప్పడముగాఁ దలఁచు సమాజమున నిట్టి కల్పన పుట్టదు. నేఁడు క్రొత్త టస్సరుపట్టుపై, క్రొత్తగాఁ గొన్న దారముతో, అదే కుట్టు గుట్టి కంథాచీర యని యమ్ముచున్నారు. కుట్టునకు వంక పెట్టఁ బనిలేదు, కుట్టువారికిఁ గూలి దొరకుటయు మంచిదే; కాని శబ్దము మిగిలి యర్థము జాఱినది.

ఫ్రాన్సుదేశపు శిల్పి క్రిస్టియన్ బోల్టన్‌స్కీ (1944–2021) 2010లోఁ బారిసునందలి గ్రాండ్ పాలేలో "పెర్సాన్" అను రచనను నిలిపెను. ఫ్రెంచిభాషలో నా పదము బహువచనమున మనుష్యు లనియు, నిషేధార్థమున నెవ్వరును లే రనియు నర్థ మిచ్చును. చెవికి భేదము లేదు. ఇట్టి శ్లేషను మెచ్చని పండితుఁ డుండఁడు. శీతకాలమున వేఁడిమి లేని యా మహామండపమున నేలపై వరుసలు వరుసలుగా వాడిన కోటులను బఱపించెను. ఒకచోఁ గొండవలె దుస్తులరాశి. క్రేను యినుపగోళ్లు పిడికెఁడు గుడ్డలఁ బైకెత్తి మరల జాఱవిడుచును. చుట్టును హృదయస్పందనధ్వనులు. శిల్పి తండ్రి యూదుఁడు. జర్మనుల యాక్రమణకాలమున నింటనే దాఁగి బ్రదికినవాఁడు. మోచేతివంపు నిలిచిన కోటును నేలపైఁ జూచినవాని కీ సంగతి వేఱుగఁ జెప్పనక్కఱలేదు. లోపించినవాఁ డొకఁ డున్నాఁ డని నిస్సంశయముగాఁ దెలియును. వాఁ డెవ్వఁడో మాత్రము తెలియదు. సామూహికమరణమును జూపఁదలఁచినవాని కిది దోషము గాదు, ఉద్దేశమే. దోషము వేఱొకచోటఁ గలదు. కోటులే చాలినంత చెప్పినదానిని క్రేనుతోడను, గుండెచప్పుళ్లతోడను మరల జెప్పించుట పునరుక్తి.

ఇటలీశిల్పి పిస్టొలెట్టో 1967లోఁ జేసిన "గుడ్డపేలికల వీనసు"నకు వచ్చిన కీర్తి యెక్కువ. పేలికల గుట్ట కెదురుగా, చూపఱులకు వీఁపు చూపి వీనసుదేవి విగ్రహము నిలిచియుండును. వైరుద్ధ్యము కంటికింపైనదే. కాని పేలిక లచ్చట రంగులరాశి. వానిఁ దొడిగినవా రెవ్వరును దలఁపునకు రారు. 2023లో నేపుల్సుపట్టణపుఁ గూడలియందలి ప్రతి యగ్నికి నాహుతి యయ్యెను. 2024లో వేఱు పేలికలతో మరలఁ గట్టిరి, పేరు మాఱలేదు. ఒక గుడ్డకు నింకొక గుడ్డ యాదేశముగా వచ్చినఁ జాలునన్నమాట. మానదాసుందరి కంథ కాలినచో నే యాదేశమును రాఁజాలదు.

వస్త్రము ప్రాఁతద యని యొకరు చెప్పినఁగదా చూపఱులకుఁ దెలియుట, కావున నది వస్తుగుణము గాక వార్తాగుణ మని యొక యాక్షేపము. ఇది బలమైనదే. పక్కనంటించిన చీటీ తీసివేసినంతనే ప్రాణము పోవు రచన లనేకములు గలవు. కాని ఘానాదేశమునఁ బుట్టి నైజీరియాలోని న్సుక్కాయందు బోధకుఁడుగా నున్న ఎల్ అనాట్సుయి, పాఱవేసిన మద్యపుసీసాల రేకుమూఁతలను రాగితీఁగతోఁ గూర్చి మహాపటములు చేసెను. దూరమునుండి బంగారుజరీవస్త్రములవలె మడతలు పడి వ్రేలాడును. దగ్గఱకుఁ బోయినచో మూఁతపై మద్యపుఁబేరు చదువవచ్చును, చీటీ యక్కఱలేదు. కంథయందును నంతే. పైపొర చివికిన కంథలలో, ఆ చివికిన తావున, లోపలి కోక యంచు వెలిసిన యెఱుపుతోఁ గానవచ్చును.