ప్రభావమా, స్వీకారమా? కళాభవన్ అతిథి కళాకారుల చరిత్రపై ఒక పరిశీలన

శాంతినికేతనంలోని కళాభవన్ చరిత్రను వివరించే రచనల్లో అతిథుల పట్టిక ఒకటి తప్పక కనిపిస్తుంది. స్టెల్లా క్రామ్రిష్, ఆంద్రే కార్పెలెస్, లీజా ఫాన్ పాట్, మార్గరెట్ మిల్‌వార్డ్, షూ బేహాంగ్ మొదలైన పేర్లు, ప్రతి పేరు పక్కనా వచ్చిన దేశం, నేర్పిన విద్య. ఆ వెంటనే ఆ అతిథి ‘ప్రభావం’ ఎవరెవరిపై పడిందో చెప్పే వాక్యం వస్తుంది. పట్టికతో పేచీ లేదు. ఆ తరువాతి వాక్యాన్నే పరిశీలించవలసి ఉంది. ఒక కళాశాల బయటి కళాకారుణ్ణి పిలిచి తన మధ్య కొంతకాలం ఉంచుకున్నప్పుడు నిజంగా జరిగేదేమిటో ఆ వాక్యం చెప్పకపోగా, చెప్పినట్టు భ్రమింపజేస్తుంది.

తెలుగులో ఈ మాటకున్న వాక్యనిర్మాణమే ఇబ్బందిని బయటపెడుతుంది. ఒకరి ప్రభావం మరొకరి ‘పై’ ‘పడుతుంది’. నీడ పడినట్టు, వాన పడినట్టు. పడేదానికి కర్తృత్వం ఉంది. కింద ఉన్నవాడికి తడవడం తప్ప పని లేదు. మైకేల్ బాక్సండాల్ 1985లో వెలువరించిన ‘పాటర్న్స్ ఆఫ్ ఇంటెన్షన్’లో ఇటువంటి అభ్యంతరాన్నే లేవనెత్తాడు: ప్రభావమనే భావన కర్తను కర్మగా, కర్మను కర్తగా తారుమారు చేస్తుందనీ, వాస్తవంలో పని చేసేవాడు తరువాతి కళాకారుడేననీ ఆయన వాదన. ఆయన ముందున్నవి ఎక్కువగా గతించిన కళాకారులకూ వారి తరువాతివారికీ మధ్య ఉన్న సంబంధాలు. అతిథి విషయంలో చిక్కు ఇంకొంచెం పెద్దది. అతిథి సజీవంగా ఎదుట ఉంటాడు, అదే ఎండలో తిరుగుతాడు, ప్రశ్నలకు జవాబు చెబుతాడు, తానూ మారతాడు.

కళాభవన్ 1919లో మొదలైంది. విశ్వభారతి 1921 డిసెంబరులో లాంఛనంగా ఏర్పడింది. ప్రపంచమంతా ఒకే గూటిలో కలుసుకోవాలన్న రవీంద్రుని ఆశయంలో అతిథి అదనపు అలంకారం కాదు, సంస్థ నిర్మాణంలోనే భాగం. వియన్నాలో కళాచరిత్ర చదివిన క్రామ్రిష్ ఆ తొలినాళ్లలోనే వచ్చి గోథిక్ కళ నుంచి డాడా వరకు ఐరోపా కళపై ఉపన్యాసాలిచ్చారు. ఆమె చొరవతోనే 1922 డిసెంబరులో కలకత్తాలో, ఇండియన్ సొసైటీ ఆఫ్ ఓరియంటల్ ఆర్ట్ ప్రదర్శనలో, బౌహౌస్ కళాకారుల కృతులు చోటుచేసుకున్నాయి. పాల్ క్లే, కాండిన్‌స్కీ, ఇట్టెన్ వంటివారి పనితనాన్ని ఇక్కడివారు చూడగలిగారు. ప్రభావవాదానికి ఇంతకంటే అనువైన ఘట్టం ఉండదు. గగనేంద్రనాథ్ ఠాకూర్ క్యూబిస్టు చిత్రాలకు ఈ ప్రదర్శననే మూలంగా చూపడం సులభం. తేదీలు మాత్రం అందుకు ఒప్పుకోవు. ‘యాన్ ఇండియన్ క్యూబిస్ట్’ అనే వ్యాసంలో క్రామ్రిష్ గగనేంద్రనాథ్ గురించి ‘రూపం’ పత్రికలో రాసింది 1922 జూలైలో. బౌహౌస్ చిత్రాలు వచ్చింది డిసెంబరులో. పైగా గగనేంద్రనాథ్ చిత్రాలు ఆ ప్రదర్శనలోనే వాటి సరసన ఉన్నాయి. అతిథి వచ్చి బోధించిన తరువాత శిష్యుడు అనుకరించడం కాదిది. అప్పటికే ఒక చిత్రకారుడు చేస్తున్న పనిని గుర్తుపట్టి, దానికి పక్కన నిలవదగిన పనిని అతిథి రప్పించింది. డబ్ల్యూ.జి. ఆర్చర్ గగనేంద్రనాథ్‌ను విఫలమైన అనుకర్తగా లెక్కగట్టడమూ, పార్థ మిట్టర్ ‘ది ట్రయంఫ్ ఆఫ్ మోడర్నిజం’లో ఆ తీర్పు వెనుకనున్న వలసవాద తర్కాన్ని విప్పి చూపడమూ విమర్శకులకు తెలిసినవే. మిట్టర్ వాదన అధికార సంబంధాల మీద నిలిచింది. కేవలం కాలక్రమం మీద ఆధారపడినా ఆర్చర్ తరహా తీర్పు నిలవదని ఇక్కడ గమనించవచ్చు.

తెలుగు సాహిత్య విమర్శకు ఈ చర్చ పరాయిది కాదు. రాయప్రోలు సుబ్బారావు శాంతినికేతనంలో ఉన్నారన్న ఒక్క వాస్తవం నుంచి భావకవిత్వ జన్మవృత్తాంతాన్ని అల్లిన వాక్యాలు పాఠ్యపుస్తకాల నిండా ఉన్నాయి. ‘తృణకంకణం’ ఆయన అక్కడికి వెళ్లకముందే వెలువడింది. కనుక శాంతినికేతన నివాసం ఆ కావ్యానికి కారణం కాజాలదు. ఆ కవి అటు వెళ్లాలని కోరుకోవడానికి ఆ కావ్యంలోని దృష్టే కారణమై ఉండవచ్చునని ఊహించడం మరింత సబబు. గగనేంద్రనాథ్ విషయంలోనూ, రాయప్రోలు విషయంలోనూ జరిగిన పొరపాటు ఒకటే. సమావేశాన్ని ఆరంభంగా తీసుకోవడం.

శిల్పం దగ్గరికి వస్తే విషయం మరింత స్పష్టపడుతుంది. 1920ల చివర ఆస్ట్రియా నుంచి లీజా ఫాన్ పాట్, ఆ తరువాత ఇంగ్లండు నుంచి మిల్‌వార్డ్ వచ్చారు. మిల్‌వార్డ్ ఫ్రెంచి శిల్పి బూర్దెల్ శిష్యురాలు. రాంకింకర్ బైజ్ వీరిద్దరి దగ్గరా మూర్తి రూపకల్పన నేర్చుకున్నాడు. అందుచేత బూర్దెల్ నుంచి మిల్‌వార్డ్, మిల్‌వార్డ్ నుంచి రాంకింకర్ అంటూ ఒక వంశవృక్షం గీయవచ్చు, గీశారు కూడా. అయితే బాంకురాలో పుట్టిన ఆ పిల్లవాడు విగ్రహాలు చేసే కుమ్మరుల పక్కన కూర్చుని మట్టి పిసికిన సంగతిని ఆ వృక్షంలో ఏ కొమ్మకు తగిలించాలి? 1938లో ఆయన నిలబెట్టిన ‘సంథాల్ కుటుంబం’ చూడండి. ఇనుప చట్రం మీద సిమెంటు, దానిలో బీర్‌భూమ్ నేలలోని ఎర్రని లేటరైట్ మొరం. అతిథులు నేర్పిన విద్య ఒక బొమ్మను లోపలి నుంచి ఎలా నిలబెట్టాలన్నది. ఆ చట్రం వారి వైపు నుంచి వచ్చి ఉండవచ్చు. మొరం ఎవరూ నేర్పలేదు. కంచు పోతపోయడానికి సొమ్ము లేనిచోట, ఆరుబయట ఎండకూ వానకూ నిలవవలసిన మూర్తికి, కాళ్లకింద ఉన్న పదార్థమే గతి అయింది. ఆ గతినే ఆయన శైలిగా మార్చాడు. సంచితో, కావడితో, కుక్కతో నడిచిపోతున్న ఆ సంథాల్ దంపతుల ఒంటి గరుకుదనం నేల గరుకుదనమే. ఐరోపా స్టూడియోలో నునుపు తేలే ఉపరితలాన్ని రాంకింకర్ వద్దనుకున్నాడు. వద్దనుకోవడం కూడా స్వీకారంలో భాగమే కదా! ‘ప్రభావం పడింది’ అన్న వాక్యంలో ఈ నిరాకరణకు స్థానం లేదు.

పై పట్టికలో లేని పేరొకటి ఉంది. జయపురం నుంచి వచ్చిన నర్సింగ్‌లాల్. 1920ల ద్వితీయార్ధంలో నందలాల్ బోస్ ఆహ్వానంపై వచ్చి, గ్రంథాలయ భవనపు గోడ మీద జయపురపు భిత్తిచిత్ర పద్ధతిని చేసి చూపిన సంప్రదాయ చిత్రకారుడు. కొన్ని చోట్ల ఈయన పేరు చివర ‘మిస్త్రీ’ చేరుతుంది; యూరపు నుంచి వచ్చినవారికి ‘కళాకారిణి’, ‘ఆచార్య’ అన్న మాటలు దక్కుతాయి. ఇరువురూ ఆహ్వానం మీద వచ్చినవారే, ఇరువురూ విద్యార్థులకు నేర్పినవారే. పిలుపులో లేని తేడా చరిత్రరచనలో వచ్చి చేరింది.

నర్సింగ్‌లాల్ తెచ్చిన విద్య ఏమిటో కాస్త వివరంగా చూడాలి. బాగా నానబెట్టిన సున్నంలో పాలరాతి పొడి కలిపి పొరలు పొరలుగా గోడకు పూస్తారు. పై పొర తడిగా ఉండగానే రంగు వేసి, నునుపైన అగేట్ రాయితో రుద్ది, చివరికి కొబ్బరితో మెరుగుపెడతారు. గానుగ సున్నపు గచ్చు చేయించుకున్న తెలుగిళ్ల పెద్దలకు ఇందులో సగం పని పరిచితమే. దీనిని ఉపన్యాసంతో నేర్పడం అసాధ్యం. సున్నం ఎప్పుడు ‘పట్టింది’, ఎప్పుడు రంగును తాగడం మానింది అన్నది వేలికొసకు తెలియాలి. అందుకు గోడ ముందు పక్కపక్కన నిలబడాలి. ఒక గంట ప్రసంగం చేసి వెళ్లే అతిథికీ, గోడ ఆరేదాకా ఉండవలసిన అతిథికీ ఉన్న తేడా ఇదే. నందలాల్‌కు ఈ తేడా తెలుసు. జపాన్ చిత్రకారుడు అరాయ్ కంపో 1916లో కలకత్తా వచ్చి జొరాసాంకోలోని విచిత్ర సభలో ఉన్న రోజుల్లో, సిరా కుంచె పట్టును ఆయన చేతి కదలిక చూసి నేర్చుకున్నవాడాయన.

ఆ గోడపని ఫలం వెంటనే కనబడలేదు. 1946–47లో బినోద్‌బిహారీ ముఖర్జీ హిందీ భవన్ గోడలపై మధ్యయుగ సంతుల చిత్రాన్ని తడి సున్నంపై రచించాడు. గోడ కొలతకు ముందస్తు నమూనా గీసుకోకుండా నేరుగా వేశాడు. అందులో కనిపించే రూపాలకు జయపురపు ఛాయ లేదు. సున్నపు పొర ఆరేలోగా చేయి నిర్ణయం తీసుకోవాలన్న క్రమశిక్షణ ఉంది. అతిథి ఇచ్చిన దానిలో శైలి జారిపోయి పద్ధతి మిగిలింది. ‘జయపురం ప్రభావం’ కోసం ఆకారాల్లో వెతికే విమర్శకుడు ఈ గోడ ముందు నుంచి వట్టి చేతులతో వెళ్లిపోతాడు.

దిశ పూర్తిగా తిరగబడిన సందర్భం షూ బేహాంగ్‌ది. 1939 చివర శాంతినికేతనానికి వచ్చిన ఈ చైనా చిత్రకారుడు రవీంద్రుని చిత్రాలు వేశాడు. 1940 ఫిబ్రవరిలో అక్కడే గాంధీని కలిశాడు. కొండను తొలగించబూనిన మూర్ఖవృద్ధుని కథ ఆధారంగా వేసిన ఆయన ప్రసిద్ధ చిత్రం 1940లో భారతదేశంలో ఉండగా పూర్తయింది. అందులో గునపాలెత్తిన శరీరాల్లో కొన్నింటికి నమూనాగా నిలిచినవారు భారతీయులు. జపాన్‌తో పోరాడుతున్న చైనాకు చెందిన దృష్టాంతకథలో భారతీయ దేహాలు! అతిథి తీసుకుపోయిన దానిని లెక్కించే అలవాటు కళాభవన్ చరిత్రలకు లేదు గనుక ఈ చిత్రం చైనా కళాచరిత్ర పుటల్లోనే ఉండిపోయింది.

ఆంధ్రదేశంలో ఇందుకు దగ్గరి ఉదాహరణ బందరులోని ఆంధ్ర జాతీయ కళాశాల. బెంగాలు నుంచి వచ్చిన ప్రమోద్‌కుమార్ చటోపాధ్యాయ అక్కడ చిత్రలేఖనం నేర్పారు. అడివి బాపిరాజు ఆయన శిష్యుడు. అంతకుముందు రాజమహేంద్రవరంలో కూల్డ్రే దగ్గర కూడా బాపిరాజు చిత్రకళాభిరుచిని పెంచుకున్నారు. బాపిరాజు చిత్రాలను ‘బెంగాలు శైలి’ అనీ, నవలల్లోని వర్ణనలను ‘చిత్రకారుని కన్ను’ అనీ ముగించడం విమర్శలో ఆనవాయితీగా ఉంది. ఇద్దరు గురువుల్లో ఒకరు నేర్పినది మరొకరు నేర్పినదానితో పొసగనప్పుడు బాపిరాజు దేనిని నిలుపుకున్నారు, దేనిని వదిలారు? ‘హిమబిందు’లోని శాతవాహన కాలపు వీధులకు, స్తూపాలకు ఆధారం గురువుల చిత్రఫలకమా, అమరావతి శిల్పాల పరిశీలనా? ప్రభావమన్న మాట దగ్గర ఆగినంతకాలం ఈ ప్రశ్నలు పుట్టవు. పరిశోధక విద్యార్థులకు ఇక్కడ చేయవలసిన పని చాలా ఉంది.

నేటి విశ్వవిద్యాలయాల్లో అతిథి కళాకారుని రాక ఎక్కువగా ఒక పూట వ్యవహారం. తెరపై చిత్రాలు, ప్రసంగం, శాలువా, ఛాయాచిత్రం; ఆ తరువాత ‘విద్యార్థులు ఎంతో ప్రభావితులయ్యారు’ అని నివేదిక. ‘అతిథి’ అన్న మాటకు తిథి నియమం లేకుండా వచ్చేవాడని ఒక వ్యుత్పత్తి చెబుతారు. ఇప్పటి అతిథికి తిథి, గంట, నిమిషం కూడా ముందే నిర్ణయమై ఉంటాయి. ప్రసంగాలు వ్యర్థమని దీని అర్థం కాదు. క్రామ్రిష్ చేసినవీ ప్రసంగాలే. అయితే వాటి ముందూ వెనుకా అదే ఆవరణలో ఆమె నివాసం ఉంది, విద్యార్థుల గీతలు ఉన్నాయి, తిరిగి అడగడానికి మరునాడు ఉంది.

కె.జి. సుబ్రమణ్యన్ ఉదంతం ఇక్కడ చెప్పదగినది. హిందీ భవన్ గోడపని సమయంలో బినోద్‌బిహారీకి చేదోడుగా ఉన్న విద్యార్థి ఆయన. తరువాత దీర్ఘకాలం బరోడాలో బోధించి, 1970ల చివర విశ్వభారతికి విజిటింగ్ ఫెలోగా వచ్చారు. 1980లో ఆచార్యునిగా అక్కడే చేరిపోయారు. ఆయన అతిథిగా గడిపిన కాలాన్ని ఏ ఖాతాలో వేయాలి? బరోడా శాంతినికేతనంపై చూపిన ప్రభావంలోనా, శాంతినికేతనం తన పాత విద్యార్థిపై చూపిన ప్రభావంలోనా? ఆయన మొదట చేతులు పెట్టిన ఆ తడి సున్నపు గోడ మాత్రం హిందీ భవన్‌లో అలాగే ఉంది.