రెండు కార్లు, రెండు రకాల పదును

జాక్ ఆన్రీ లార్తీగ్ తీసిన ఆ ప్రసిద్ధ ఫొటోలో రేసు కారు చక్రం గుండ్రంగా లేదు. కోడిగుడ్డులా సాగి ముందుకు వాలిపోయింది. రోడ్డు పక్కన నిలబడ్డ జనం వెనక్కి ఒరిగి ఉన్నారు. కారు ముందు భాగం చట్రంలోనే లేదు, కుడి అంచున తెగిపోయింది. ఇక రాబర్ట్ ఫ్రాంక్ 1950ల నడుమ కాలిఫోర్నియాలోని లాంగ్ బీచ్‌లో తీసిన ఫొటోలో అసలు కారే కనబడదు. రెండు పామ్ చెట్ల మధ్య, ఇంటి ముందు, మెరిసే కవరు కప్పుకుని ఆగి ఉంటుంది. కారు ఫొటో షార్ప్‌గా రావాలంటే ఏ లెన్సు కొనాలి అని అడిగే ఔత్సాహికుల ముందు నేను ఈ రెంటినీ పక్కపక్కన పెడతాను. ఒకటి పరిగెత్తే కారు, ఒకటి ఆగిన కారు. మనం తీసే కారు ఫొటోలన్నీ ఈ రెండు కోవల్లోకే వస్తాయి.

లార్తీగ్ 1894లో పుట్టాడు. ఈ ఫొటో ఫ్రెంచి గ్రాండ్ ప్రీలో తీసినది. ఆయన దానిమీద 1912 అని వేసుకున్నాడు, 1913 అని తరవాతి పరిశోధకులు తేల్చారు. చాలాకాలం ఆయన దాన్ని చెడిపోయిన ఫొటో కిందే జమకట్టాడు. 1963లో న్యూయార్క్ మ్యూజియం ఆఫ్ మోడరన్ ఆర్ట్‌లో జాన్ జార్కోవ్‌స్కీ ఏర్పాటు చేసిన ప్రదర్శనతో లోకం ఆయన్ని గుర్తించేనాటికి ఆయన వయసు డెబ్భైకి దగ్గరపడింది.

ఆ వాలు ఎలా వచ్చిందో తెలిస్తే సగం పాఠం వచ్చినట్టే. ఆనాటి కెమెరాలో షట్టర్ అంటే సన్నని చీలిక ఉన్న తెర. అది ప్లేటు మీదుగా పైనుంచి కిందికి జారుతుంది. ప్లేటు మీద బొమ్మ తలకిందులుగా పడుతుంది కనుక ముందు రోడ్డు, చివర తలకాయలు నమోదవుతాయి. ఈలోగా కారు ముందుకు కదిలింది, అందుకే చక్రం పైభాగం ముందుకు వంగింది. లార్తీగ్ కెమెరాను కారుతోపాటు తిప్పాడు, అయితే కారంత వేగంగా తిప్పలేకపోయాడు. ఆ తేడా వల్ల కారు ముందుకు వాలింది, కెమెరా తిరగడం వల్ల జనం ఎదురు దిక్కుకు ఒరిగారు. ఈనాటి ఫోన్ కెమెరా సెన్సర్ కూడా బొమ్మను వరసల వారీగానే చదువుతుంది. వేగంగా పోయే బండిని ఫోన్‌తో తీసినప్పుడు బాడీ ఏటవాలుగా వచ్చిందంటే కారణం అదే.

కారు వెనక భాగం, దానిమీది 6 అంకె కన్ను పట్టుకునేంత స్పష్టంగా ఉన్నాయి, వెనకాల లోకం కరిగిపోయింది. ఆ పక్కన అలికినట్టున్న మసక ఉండబట్టే ఈ కాస్త స్పష్టత పదునుగా తోస్తుంది. మనవాళ్లు చేసేది దీనికి విరుద్ధం. గంటకు 72 కిలోమీటర్ల వేగంతో పోయే కారు సెకనుకు 20 మీటర్లు కదులుతుంది. షట్టర్ 1/1000 సెకనులో పెడితే ఆ వ్యవధిలో అది కదిలేది 2 సెంటీమీటర్లే. ప్రతి నట్టూ కనిపిస్తుంది, చక్రం ఊచలు నిలిచిపోతాయి, కారు రోడ్డు మీద పార్క్ చేసినట్టుంటుంది. 1/60లో పెడితే 33 సెంటీమీటర్లు కదులుతుంది. అప్పుడు కెమెరాను కారు వెంట తిప్పక తప్పదు. చేతులతో కాదు, నడుముతో తిరగాలి. బటన్ నొక్కాక కూడా తిరగడం ఆపకూడదు. మొదట్లో 1/125తో మొదలుపెట్టి చెయ్యి కుదిరాక తగ్గించుకోవచ్చు.

ఇక్కడ చాలామందికి అర్థంకాని చిక్కు ఒకటుంది. కారుకు మరీ దగ్గరగా నిలబడి తిప్పితే హెడ్‌లైట్ స్పష్టంగా, డిక్కీ అలికినట్టు వస్తుంది. తప్పు లెన్సుది కాదు. దగ్గరనుంచి చూసినప్పుడు కారు ముందు భాగం, వెనక భాగం కంటి ముందు వేర్వేరు వేగాలతో తిరుగుతాయి, కెమెరా ఏదో ఒకదానితోనే జత కలపగలదు. దూరంగా జరిగి పొడవాటి లెన్సు వాడితే ఆ తేడా తగ్గుతుంది. అయితే ఎండాకాలం మధ్యాహ్నం విజయవాడ హైవే మీద ఆ ఉపాయం కూడా పారదు. తారునుంచి లేచే వేడిగాలి వెలుతురును వంచేస్తుంది, ఎంత ఖరీదైన లెన్సైనా ఆ కదిలే గాలిలోంచే చూడాలి. పొద్దున్నే వెళ్లడం ఒక్కటే మందు. వీధి రేసుల్లో చిక్కు వేరే. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ పోటీ జరిగింది. అలాంటి వీధి రేసులో అడ్డుగా ఉండేది కంచె వల. లెన్సును వలకు దాదాపు ఆనించి, ఎపర్చర్‌ను పూర్తిగా తెరిస్తే తీగలు కరిగిపోతాయి.

ఫ్రాంక్ ఫొటో దగ్గరికొస్తే ఈ తంటాలేవీ లేవు. ఆగిన కారు, గట్టి వెలుతురు. అయినా ఆగిన కారును తీయడమే కష్టమని నా అభిప్రాయం. మన ఫొటోలు ఎక్కువగా చెడేదీ అక్కడే. కారు బాడీ వంపు తిరిగిన అద్దం లాంటిది. దాన్ని తీస్తున్నామనుకుంటాం గానీ, తీసేది దాని మీద పడ్డ ఆకాశాన్ని, ఎదురింటి గోడను, కరెంటు తీగలను, ఫోన్ పట్టుకున్న మనల్ని. ఫొటోలో పదును లేదని చాలామంది ఫిర్యాదు చేసేది నిజానికి ఈ గందరగోళం గురించే. ఫోకస్ సరిగ్గానే ఉంటుంది, కన్ను నిలవడానికి ఒక్క గీత దొరకదు. ఫ్రాంక్ కారుకు కప్పిన గుడ్డ ఈ చెత్తనంతా తుడిచేసింది. మిగిలింది వెలుగు నీడల మధ్య ఒక ఆకారం. పెయింటు కనబడకుండానే అది కారని తెలుస్తోంది, బరువు తెలుస్తోంది. ఫ్రాంక్ ‘ది అమెరికన్స్’ పుస్తకంలో దీని తరవాతి పుట తిప్పితే రూట్ 66 మీద జరిగిన ప్రమాదం ఫొటో ఉంటుంది. అందులోనూ ఒక కప్పు ఉంది, దాని కింద ఉన్నది మనిషి దేహం. ఆ రెండో కప్పు చూశాక మొదటిది మళ్లీ అంత ప్రశాంతంగా కనబడదు. 83 ఫొటోల పుస్తకంలో నన్ను ఎక్కువగా ఆపే పుటలు ఇవే.

ఆ గుడ్డ చేసిన పనిని మనకు ఆకాశం చేసిపెడుతుంది. సూర్యుడు దిగిన తరవాత పావుగంట, ఇరవై నిమిషాలపాటు ఆకాశమంతా ఒకే పెద్ద మెత్తని దీపమవుతుంది. ఖాళీ మైదానం అంచున కారును పెడితే బానెట్ మీద ఒక్క తెల్లని పట్టీ సాఫీగా పరుచుకుంటుంది. ట్రైపాడ్, రెండు సెకన్ల టైమర్, ఐఎస్ఓ 100, ఎఫ్/8 చాలు. ఫోకస్ దగ్గరి హెడ్‌లైట్ మీద పెట్టాలి. ఎఫ్/22 దాకా మూసేస్తే సన్న రంధ్రంలో వెలుతురు చెదిరి, ఉన్న పదునూ పోతుంది. ఫోన్ వాడేవారు రెండడుగులు వెనక్కి జరిగి, 2ఎక్స్ లెన్సు ఉంటే దానితో తీస్తే బంపర్ ఉబ్బినట్టు రాదు. పోలరైజర్ అద్దం మీద, పెయింటు మీద మెరుపును తగ్గిస్తుంది, క్రోమ్ మీద దాని ఆటలు సాగవు, పైగా సగానికి పైగా వెలుతురు తినేస్తుంది.

కంప్యూటర్‌లో షార్ప్‌నెస్ స్లైడర్ గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. అతిగా జరిపితే రూఫ్ అంచున తెల్లని గీత మొలుస్తుంది, మెటాలిక్ పెయింటు ఇసుక చల్లినట్టవుతుంది.

రెంటిలో గొప్పది ఏదని అడిగితే లార్తీగ్ ఫొటోనే అంటాను. అలాంటి వేగం ఇంకే నిశ్చల చిత్రంలోనూ నాకు కనబడలేదు. నేర్చుకోవడానికి మాత్రం ఫ్రాంక్ ఫొటోనే ముందు చూడమంటాను. లార్తీగ్‌కు దొరికింది ఒక యంత్రం, ఒక క్షణం కలిసి ఇచ్చిన వరం, అది అడిగితే రాదు. ఫ్రాంక్ చూసిన వెలుతురు రోజూ మన వీధిలోకి వస్తూనే ఉంది. కొత్త లెన్సుకు డబ్బు కూడబెడుతున్నవారికి నా మనవి ఇది: ఆ కొనుగోలును ఒక నెల వాయిదా వేయండి. ఉన్న కెమెరాతోనే ఒకే కారును ఒకే చోటినుంచి మిట్టమధ్యాహ్నం ఒకసారి, పొద్దుగుంకాక ఒకసారి తీసి, రెండూ ప్రింటు వేయించి పక్కపక్కన పెట్టుకుని చూడండి.