కుంకుమ తెగులు పాఠం: ఒక విమర్శ

కుంకుమ తెగులు అనగానే మన వృక్షశాస్త్ర గ్రంథాలు చిరకాలంగా గోధుమను, బార్బెరీ పొదను చూపుతూ వచ్చినవి. పక్సీనియా గ్రామినిస్ శిలీంధ్రం యొక్క ఐదు రకాల సిద్ధబీజాలను, రెండు ఆతిథేయ మొక్కలను విద్యార్థి వల్లె వేస్తాడు. చెప్పినదంతా సత్యమే. కాని ఆదోని, ఎమ్మిగనూరు, మంత్రాలయం ప్రాంతాల విద్యార్థి గోధుమ చేను చూడడం అరుదు. అతడు నిత్యం చూచేది వేరుశనగ. పైగా బార్బెరీ కథ మన దేశానికి అంతగా వర్తించదని ఆగ్రాకు చెందిన కె. సి. మెహతా పరిశోధనలు 1940 నాటికే తెలిపినవి. మన మైదానాలలో వేసవి తాపానికి గోధుమ తెగులు సిద్ధబీజాలు నశిస్తవి. ఏటేటా తెగులు కొండ ప్రాంతాలనుండి గాలిలో తిరిగి వస్తుంది.

వేరుశనగకు వచ్చేది పక్సీనియా అరాకిడిస్. ఆకు అడుగున నారింజరంగు పొక్కులు లేస్తవి. వానికి రెండవ ఆతిథేయి అక్కరలేదు; మన చేలలో యురిడోస్పోరులే తెగులును ఆకునుండి ఆకుకు మోస్తవి.

పాఠంలో రెండవ లోపం ఇంకా పెద్దది. "నిరోధక వంగడాలను నాటవలెను" అని ఒక్క వాక్యంతో ముగిస్తారు. నిరోధకశక్తి ఉన్నదని తెలిసేదెట్లు? తెగులును బుద్ధిపూర్వకంగా అంటించి చూడవలసినదే గదా! చామంతి తెల్ల కుంకుమ తెగులును పరీక్షించేవారు తెగులు సోకిన ఆకులను మొక్కలపై వ్రేలాడదీస్తారు. రాలిన సిద్ధబీజాలు తడి ఆకుపై మొలకెత్తవలెను. అందుకు చల్లదనం కూడ అవసరం. పటాన్‌చెరువులో 1972లో స్థాపితమైన ఇక్రిశాట్ సంస్థలో వేరుశనగ వంగడాల మధ్య, తెగులుకు సులభంగా లొంగే రకాన్ని వరుసలుగా నాటి, 1 నుండి 9 వరకు గల కొలమానంతో తీవ్రతను గుర్తించారు.

పొక్కులు లేనంత మాత్రాన మొక్కను నిరోధకమనరాదు. ఆకు తడవకపోయి ఉండవచ్చు. సిద్ధబీజాలు చచ్చి ఉండవచ్చు. లొంగే రకానికి అదే సమయంలో తెగులు వచ్చినప్పుడే పరీక్షకు విలువ. అట్లే, పొక్కులున్నంత మాత్రాన నిరోధకశక్తి లేదనరాదు. కొన్ని వేరుశనగ వంగడాలలో పొక్కులు ఆలస్యంగా, చిన్నవిగా, కొద్దిగా వస్తవి. రైతుకు అదే మేలు. ఈ శక్తి శాశ్వతమనీ భావింపరాదు. 1999లో ఉగాండానుండి వెల్లడైన యూజీ99 అనే గోధుమ తెగులు తెగ, ఎన్నో దేశాలు నమ్ముకొన్న నిరోధక జన్యువును జయించినది.

ఉపాధ్యాయులకు ఒక సూచన. బయటినుండి చామంతి తెగులు తేవద్దు. అది ఎన్నో దేశాలు నిషేధించిన తెగులు. తెగులు సోకిన చేలోనుండే రెండు రకాల వేరుశనగ ఆకులను కాడలతో కోసి, తడి ఇసుకలో గ్రుచ్చి, పొక్కులలోని పొడిని కుంచెతో పూసి, పళ్లెం మూయండి. వారం, పది రోజులకు మచ్చలు తోచిన పిమ్మట పొక్కులను లెక్కింపజేయండి. పని ముగియగానే ఆకులను కాల్చివేయండి. ఐదు సిద్ధబీజాల పేర్లు మరచిన విద్యార్థికి కలిగే నష్టం స్వల్పం; పోల్చి చూడడం నేర్వని విద్యార్థి మాత్రం రేపు విత్తనాల అంగడిలో "నిరోధకం" అన్న ముద్రను చూచి మోసపోగలడు.