గట్టు ఎక్కే పళ్ళు

సైకిళ్ళు బాగుచేసే కాక సుద్దముక్కతో నా సైకిల్ ఫ్రీవీలు మీద ఒక పంటికి గీత గీశాడు. అక్కణ్ణుంచి వేలితో ఒక్కొక్క పన్నూ జరుపుతూ చుట్టూ లెక్కపెట్టి, మళ్ళీ గీత దగ్గరికి వచ్చి ఆగాడు.

“పదారు. గిదెవరు ఎయ్యమన్నరు బిడ్డా?”

నేనే వెయ్యమన్నాను.

బాపు తొక్కిన 28 అంగుళాల సైకిల్ మూలన పడి ఉంటే చూడబుద్ధి కాక, 24 వోల్టుల 250 వాట్ల మోటరు బిగించుకున్నాను. దాని గేర్‌బాక్సు నుంచి బయటికొచ్చే చిన్న చక్రానికి 9 పళ్ళు. అది నిమిషానికి దాదాపు 300 చుట్లు తిరుగుతుంది. వెనక ఫ్రీవీలుకు ఎన్ని పళ్ళుండాలో మాత్రం మనమే తేల్చుకోవాలి. 16, 18, 20, 22 పళ్ళవి దొరుకుతాయి.

లెక్క కష్టమేమీ కాదు. 300ను 9తో గుణించి వెనక పళ్ళతో భాగిస్తే చక్రం చుట్లు వస్తాయి. చక్రం ఒక్క చుట్టుకు సుమారు 2.23 మీటర్లు పోతుంది. 18 పళ్ళయితే గంటకు 20 కిలోమీటర్లు. 16 అయితే 22.6. 22 అయితే 16.4. కాగితం మీద ఈ మూడు అంకెలూ వేసుకున్నవాడు ఏది ఎంచుకుంటాడు? నేనూ అదే ఎంచుకున్నాను.

నిజామాబాద్ రోడ్డు మీద వారం రోజులు ఆనందంగా తిరిగాను. ఆ తర్వాత ఒక పొద్దున యూరియా బస్తా వెనక కట్టుకుని చేనుకు బయల్దేరాను. మధ్యలో కాలువ గట్టు ఎక్కాలి. 20 మీటర్లు పోతే మీటరు ఎత్తు లేచే మట్టిబాట అది. సగంలో మోటరు మూలిగింది, ఆగింది. దిగి దాని మీద చెయ్యి పెడితే చురుక్కుమంది. బస్తాతో సహా సైకిల్‌ను నెట్టుకుంటూ పైకి చేరాను.

కాక ఇదంతా విని ఒక్కటే మాట అన్నాడు. “ఎంత స్పీడు పోతవన్నది తర్వాత ముచ్చట. ఎంత బరువేసుకొని ఏడ ఎక్కుతవో అది చెప్పు ముందుగాల.”

ఇంటికొచ్చి ఈసారి గట్టు లెక్క వేశాను. బస్తా 45 కిలోలు, నేను, సైకిల్, బ్యాటరీలు కలిపితే 150 కిలోల దాకా. ఆ ఎక్కుడు మీద 250 వాట్లతో గంటకు 10 కిలోమీటర్లకు మించి పోవడం కుదరదు. ఎన్ని పళ్ళు మార్చినా అంతే. ఫ్రీవీలు బలాన్ని పుట్టించదు. ఉన్న బలాన్ని వేగానికి ఖర్చు పెట్టాలా, లాగుడుకు ఖర్చు పెట్టాలా అన్నదే దాని చేతిలో ఉంది. 16 పళ్ళతో ఆ గట్టు ఎక్కాలంటే మోటరు తన మామూలు శక్తికి రెండింతల పైన గుంజాలి. అంత గుంజితే కరెంటు పెరిగి, వైండింగు వేడెక్కుతుంది. 22 పళ్ళతో ఒకటిన్నర రెట్ల చిల్లర సరిపోతుంది. ఆ మిగతాది కాళ్ళు తీర్చగలవు.

1972లో వచ్చిన లూనాకూ, 1980లో వచ్చిన టీవీఎస్ 50కీ పెడళ్ళు ఎందుకుండేవో నాకు ఇప్పుడు బాగా తెలిసింది. గేర్లు మార్చుకునే బండికి ఈ బాధ లేదు, ఎక్కుడొస్తే గేరు దించుకుంటుంది. ఒకే గేరు బండికి సాఫు రోడ్డయినా, గట్టయినా, బురద అయినా ఒక్కటే పళ్ళ లెక్క. కాబట్టి ఆ లెక్కను దారిలోని అన్నిటికంటే కష్టమైన చోట నిలబడి వెయ్యాలి. సాఫు రోడ్డు మీద ఏ చక్రమైనా నడుస్తుంది.

వేగం మోజుతో ఇంకా కిందికి, 14 పళ్ళకు దిగేవాళ్ళున్నారు. అప్పుడు గంటకు 25 కిలోమీటర్లు దాటుతుంది. ఆ గీత దాటిన బ్యాటరీ బండిని చట్టం సైకిల్‌గా చూడదు, రిజిస్ట్రేషన్ కావాల్సిన మోటారు వాహనంగా చూస్తుంది.

కాక 22 పళ్ళ ఫ్రీవీలు ఎక్కించాడు. పళ్ళు పెరిగాయి గనుక పాత చైను చాలలేదు, మూడు లింకులు తక్కువ పడ్డాయి. చైను జోడు లింకుల్లోనే అతుకుతుంది కాబట్టి నాలుగు కలిపి, వెనక చక్రాన్ని కాస్త వెనక్కి గుంజి బిగించాడు. చైనును వేలితో పైకి, కిందికి ఊపి చూసి, “ఇంత వదులుండాలె, మరీ గట్టిగుంటే బేరింగులు పోతయి” అన్నాడు.

మా చేను 6 కిలోమీటర్లు. అప్పుడు 16 నిమిషాల్లో పోయేవాణ్ణి, ఇప్పుడు 22 పడుతోంది. పోయినవి ఆరు నిమిషాలు. మొన్న మళ్ళీ బస్తా కట్టుకుని, పెడళ్ళు తొక్కుతూ దిగకుండా గట్టు పైకెక్కాను. ఆగి మోటరు మీద చెయ్యి పెట్టాను. వెచ్చగా ఉంది, కానీ చెయ్యి నిలిచింది.