షరా మామూలే

రాత్రి 2 గంటలకు ఫోన్. "సార్, బ్రెయిన్ సీటీ వాట్సాప్ చేశానండి, ఒక్కసారి చూడరా?" ఓ జిల్లా ఆస్పత్రి డ్యూటీ డాక్టరు. తెరిస్తే, గోడకున్న లైట్‌బాక్సు మీద ఫిల్ము పెట్టి సెల్‌తో తీసిన ఫొటో. నట్టనడుమ ట్యూబులైటు మెరుపు. పేషెంటుకు కుడి చెయ్యి పడిపోయి గంటన్నర అయిందట. "దీంట్లో నాకేం కనబడదమ్మా, ఫైలు పంపించు" అన్నాను.

ఫైలు రావడానికి గంటకు పైగా పట్టింది. గడ్డను కరిగించే ఇంజెక్షనుకు గడువే నాలుగున్నర గంటలు.

స్కాన్ ఎందుకంత బరువంటే, ఒక్కో స్లైసులో 512 వరసలు, వరసకు 512 చుక్కలు. మొత్తం 2,62,144. చుక్కకు 2 బైట్ల చొప్పున స్లైసు అర ఎంబీ. 400 స్లైసులు పంపితే 200 ఎంబీ. సెల్ ఫొటోలో నలుపు నుంచి తెలుపు దాకా 256 మెట్లే, సీటీలో 4,096. నీటికి సున్నా, గాలికి మైనస్ వెయ్యి అని హౌన్స్‌ఫీల్డ్ పేరు మీద ఓ కొలత ఉంది. మెదడులో బూడిదరంగు పొరకూ తెల్ల భాగానికీ ఆ కొలతలో తేడా పది, అటూ ఇటూ. రక్తం అందని చోట ఆ కాస్త తేడా కూడా చెరిగిపోతుంది. నేను వెతికేది ఆ చెరుపునే. ఫిల్ము ఫొటోలో ముందుగా పోయేదీ అదే.

పాత రెవెన్యూ లెక్కల్లో చివరి గడి షరా. కొత్తగా చెప్పేదేమీ లేకపోతే కరణంగారు అక్కడ 'మామూలే' అని రాసి ఊరుకునేవారు. లాస్‌లెస్ కంప్రెషన్ చేసేది సరిగ్గా ఆ కరణం పనే. వెనకటి చుక్కల్ని బట్టి రాబోయే చుక్కను అంచనా వేసి, తేడా ఉంటే అది మాత్రం రాసుకుంటుంది. తల చుట్టూ ఉన్న గాలంతా షరా మామూలే. తరచూ వచ్చే తేడాలకు పొట్టి గుర్తులు, అరుదైనవాటికి పొడుగువి. ఇది 1952లో హఫ్‌మన్ చెప్పిన ఉపాయం. అవతల విప్పితే ఒక్క చుక్క మారదు, పట్టుచీర మడత విప్పినట్టే. వాట్సాప్ చేసేది పాలు మరిగించి కోవా చేయడం. కోవా రుచిగానే ఉంటుంది, పాలు మాత్రం తిరిగి రావు.

మడతకూ ఓ హద్దుంది లెండి. సగానికో మూడో వంతుకో తగ్గుతుంది, అంతే. పలచని స్లైసుల్లో నాయిస్ ఎక్కువ. నాయిస్‌లో 'మామూలు' అంటూ ఏదీ ఉండదు కాబట్టి అవి ఇంకా మొండికేస్తాయి. కోవా చేసినా కొన్నిటికి ఫరవాలేదని కెనడా రేడియాలజిస్టుల సంఘం లాంటివి హద్దులు గీసి ఒప్పుకున్నాయి. నేను ఛాతీ ఎక్స్‌రేకి సరేనంటానేమో గానీ, పక్షవాతం కేసుకి ఒప్పుకోను. స్కాన్‌లకు ప్రపంచమంతా వాడే డైకామ్ ప్రమాణానికీ ఈ పట్టింపు ఉంది: నష్టంతో కుదించిన బొమ్మ మీద ఆ ముద్ర ఒకసారి పడితే, తర్వాత ఏ రూపంలోకి మార్చినా చెరపకూడదు.

ఆ రాత్రి ఇంజెక్షను గడువులోపే పడింది. మర్నాడు అక్కడి టెక్నీషియన్ చూసి చెప్పాడు: మెషీన్ బిగించినవాళ్లు కంప్రెషన్ లేకుండా పంపేలా పెట్టి, అలాగే వదిలేసి వెళ్లారు. మార్చడానికి ఐదు నిమిషాలు పట్టలేదు. ఇంకో మాట కూడా చెప్పాను అతనికి. పలచనివన్నీ తర్వాత, ముందు 5 మిల్లీమీటర్ల స్లైసులు పంపు బాబూ అని. అవి ముప్పై బొమ్మలు, 15 ఎంబీ. మడత పెడితే ఆరేడు. ఎంత నత్తలైనైనా నేను లేచి మొహం కడుక్కునేలోపు వచ్చేస్తాయి. నన్నడిగితే కుదింపు కన్నా ఈ వరసే ఎక్కువ సమయం మిగిల్చింది.

డ్యూటీ డాక్టర్లకు ఓ మనవి. ఈ వారం వీలు చూసుకుని స్కాన్ రూముకెళ్లి, మీ మెషీన్ ఎలా పంపుతోందో కనుక్కోండి. ఫిల్ముకి ఫొటో తీయడం మాత్రం మానేయండి. మీ ట్యూబులైటు బాగానే వెలుగుతోంది, చూశాను.