వాది, ముద్దాయి, దాయాది: తగవుల మాటలు ఎటు మొగ్గుతాయి?

ఉప్పల్ చౌరస్తా నుంచి నాచారం వైపు వెళ్లే దారిలో ఖాళీ ప్లాటు కనిపిస్తే దాని గోడ మీద ఏం రాసి ఉంటుందో మీకు తెలుసు. ‘ఈ స్థలం అమ్మబడదు’, ‘ఈ స్థలంపై కోర్టులో దావా నడుస్తున్నది’, ‘కబ్జా చేసినవారు శిక్షార్హులు’. ఆ గోడ మీది మాటల్లో దావా, కబ్జా అరబ్బీ నుంచి, శిక్ష సంస్కృతం నుంచి వచ్చాయి. అమ్మడం, చేసినవారు ఎలాగూ మన నోటి మాటలే. ఊరి పేర్ల సంగతీ అంతే. ఉప్పల్ ఖల్సాలోని ఖల్సా అంటే జాగీర్దారుకు కాకుండా నేరుగా సర్కారుకు శిస్తు చెల్లే భూమి. మూసీ ఒడ్డున ఉన్న ఉప్పల్ భగాయత్‌లో ‘బాగ్’, అంటే తోట, దాగి ఉంది. ఇక్కడి విద్యార్థులు నిఘంటువు తెరవకముందే రెవెన్యూ భాష మాట్లాడుతున్నారన్నమాట.

ఈ భాగంలో తగాదాల్లో చిక్కుకున్న మనుషులను తెలుగు ఏ పేర్లతో పిలుస్తుందో పరిశీలిద్దాం. అర్థాల పట్టిక ఇవ్వడం మా ఉద్దేశం కాదు. ఈ మాటల్లో చాలావరకు మొదట ఏ పక్షానికీ చెందనివి. తర్వాత ఒక పక్కకు ఒరిగాయి, కొన్నయితే పూర్తిగా పక్షం మార్చేశాయి. కోర్టు తీర్పు చెప్పకముందే మాట తీర్పు చెప్పేస్తే ఏమవుతుందన్నది ఇక్కడ మన ప్రశ్న.

ముద్దాయితో మొదలుపెడదాం. దావా, ముద్దాయి ఒకే అరబ్బీ ధాతువు నుంచి పుట్టాయి. అరబ్బీలోనూ ఉర్దూలోనూ ‘ముద్దయీ’ అంటే దావా వేసినవాడు, అంటే మనం వాది అనేవాడు. అతడు ఎవరి మీద దావా వేశాడో ఆ మనిషి ‘ముద్దాఅలైహ్’. తెలుగులో ముద్దాయి అంటే నేరం మోపబడ్డవాడు. వేసినవాడి పేరు పడ్డవాడికి వచ్చింది! పొడవాటి రెండో మాట తోక కత్తిరించుకుని మొదటి మాటలో కలిసిపోయి ఉండవచ్చు. కారణం ఏదైనా, హైదరాబాదులో ఒకే కోర్టు వరండాలో నిలబడ్డ ఉర్దూ కక్షిదారు, తెలుగు కక్షిదారు ఒకే మాట పలికి ఎదురెదురు మనుషులను చూపించగలరు. దీన్ని తప్పు అనలేం. వందేళ్లకు పైగా జనం వాడిన అర్థమే ఆ మాటకు అర్థం. కానీ ఆ మాట ఎటు జారిందో గమనించండి. అడిగేవాడి వైపు నుంచి, బోనులో నిలబడేవాడి వైపుకు.

కక్షిదారును కూడా విడదీసి చూడండి. ‘కక్షి’ అంటే పక్షం, దానికి పారసీ ‘దారు’ తగిలింది. ప్లీడరుకు ఆ మనిషి కక్షిదారు, ఎదుటివాడు ప్రతికక్షి. పక్కనే ఉన్న ‘కక్ష’కు మాత్రం నేటి తెలుగులో పగ అనే అర్థమే మిగిలింది. ఒక పక్షం వహించడానికీ పగబట్టడానికీ మధ్య ఒక్క గుడి తేడా.

క్రిమినల్ కేసులో మరో చిక్కు ఉంది. సివిల్ దావాలో వాది, ప్రతివాది ఉంటారు. క్రిమినల్ కేసు నాచారం పోలీసు స్టేషన్‌లో నమోదైనా, ఉప్పల్ స్టేషన్‌లో నమోదైనా, కోర్టులో దాన్ని నడిపేది ప్రభుత్వం. ఫిర్యాదు చేసిన మనిషి అక్కడ వాది కాడు, చాలాసార్లు ఒక సాక్షి మాత్రమే. ‘కేసు నాది, నన్ను సాక్షి అంటారేమిటి?’ అని ఫిర్యాదీలు తికమకపడేది అందుకే. మన పత్రికలు ఈ తేడాను పట్టించుకోవు, పట్టించుకోవాలి.

ఈ పాఠానికి అసలు ఉదాహరణ కబ్జాదారు. కబ్జా అంటే పట్టు, స్వాధీనం. అంతకుమించి అందులో దోషమేమీ లేదు. పాత పహాణీల్లో పట్టాదారు ఎవరో రాసేవారు, భూమి వాస్తవంగా ఎవరి చేతిలో ఉందో కూడా రాసేవారు. ఆ రెండో మనిషిని కబ్జాదారు అనడం హైదరాబాదు రెవెన్యూ వాడుక. కాగితం ఒకరిది, నాగలి ఇంకొకరిది అయిన రాజ్యంలో ఆ మాట పేదవాడికి రక్ష. 1950 నాటి హైదరాబాదు కౌలు చట్టం రక్షిత కౌలుదారును గుర్తించింది కూడా భూమిని సాగుచేస్తున్న చేతిని చూసే. తర్వాత నగరం తూర్పుకు పాకింది. నాచారంలో పరిశ్రమలు వచ్చాయి. 2007లో ఉప్పల్ కలాన్ మున్సిపాలిటీ మహానగర పాలక సంస్థలో కలిసింది. 2017లో మెట్రో వచ్చింది. గుంటల్లో కొలిచిన భూమి గజాల్లోకి మారింది. భూ ఆక్రమణల మీద 1982లోనే ప్రత్యేక చట్టం వచ్చింది. పత్రికలు ఆక్రమణకు ‘భూకబ్జా’ అని పేరు పెట్టాయి. ఇప్పుడు కబ్జాదారు అంటే దొంగ. ‘మా తాత ఈ సర్వే నంబరులో కబ్జాదారు’ అని ఒక మనవడు పాత పహాణీ చూపించి చెబితే, తాత హక్కు చెబుతున్నాడో నేరం ఒప్పుకుంటున్నాడో తెలియని స్థితి. ఆ కాగితాన్ని నేటి అర్థంతో చదివితే ఆ కుటుంబానికి అన్యాయం జరుగుతుంది. పాత దస్తావేజును దాని కాలపు అర్థంతోనే చదవాలని మేము పట్టుబట్టేది ఇందుకే.

తగవు తీర్చే మాటలకూ ఇదే గతి. పాత తెలుగులో తగవు అంటే న్యాయం, తగినది. తగవరి అంటే న్యాయం తెలిసినవాడు. ఈనాడు తగవు అంటే కొట్లాట. పంచాయితీ అంటే పెద్దమనుషులు కూర్చుని పరిష్కరించే సభ. తెలంగాణ పలుకుబడిలో ‘వాళ్లకూ మాకూ పంచాయితి ఉన్నది’ అంటే పరిష్కారం ఉందని కాదు, గొడవ ఉందని. మందు పేరు రోగానికి అంటుకుంది.

ఇక పగవారి పేర్లు. దాయం అంటే వారసత్వపు ఆస్తి, దాన్ని అందుకునేవాడు దాయాది. పాత కావ్యాల్లో ‘దాయ’కు జ్ఞాతి, శత్రువు అని రెండర్థాలూ ఉన్నాయి. అచ్చతెలుగులో పాలివాడు అంటే పాలు, అంటే వాటా ఉన్నవాడు. అందులోంచే పాలిపగ వచ్చింది. సంస్కృతంలో ‘భ్రాతృవ్య’ శబ్దానికి అన్నదమ్ముల కొడుకు అనీ, శత్రువు అనీ అర్థాలున్నాయి, పాణిని దీనికి వేరే సూత్రమే చేశాడు. ఇంగ్లీషు ‘రైవల్’ మూలమైన లాటిన్ మాటకు ఒకే కాలువ నీటిని పంచుకునేవాడని అర్థం. శత్రువు దూరం నుంచి రాడు, వాటాలోంచి వస్తాడని ఇన్ని భాషలు విడివిడిగా కనిపెట్టాయి. పత్రికల క్రీడాపుటలు భారత్, పాకిస్తాన్ ఆటను ‘దాయాదుల పోరు’ అన్నది ఈ వారసత్వంతోనే. అది మంచి పదప్రయోగమని మా అభిప్రాయం, ఎందుకంటే అక్కడ విభజన నిజంగా జరిగింది. (2023 ప్రపంచకప్‌లో పాకిస్తాన్ ఉప్పల్ స్టేడియంలో ఆడినా ఎదుట నిలిచింది నెదర్లాండ్స్, శ్రీలంక. దాయాదుల పోరు అహ్మదాబాదుకు వెళ్లింది.) అదే ఏడాది జూన్‌లో తెలంగాణ హైకోర్టు మొదటిసారి తెలుగులో తీర్పు ఇచ్చింది. అది మచ్చబొల్లారం భూమి మీద అన్నదమ్ముల వివాదం. తెలుగు మొదటిసారి ఆ కోర్టు తీర్పులోకి అడుగుపెట్టింది దాయాదుల చేయి పట్టుకునే.

సాహిత్యంలో ఈ మాటల డొల్లతనాన్ని పట్టుకున్నవాడు గురజాడ. కన్యాశుల్కంలో లుబ్ధావధాన్లు పెళ్లికూతుర్ని చంపాడని కేసులో ఇరుక్కుంటాడు. చనిపోయిందన్న ఆ పిల్ల అసలు లేనే లేదు, ఆడవేషం వేసిన కుర్రవాడు వేషం తీసేసి వెళ్లిపోయాడు. నేరం లేదు, హతురాలు లేదు, ముద్దాయి మాత్రం ఉన్నాడు. లుబ్ధావధాన్లు మంచివాడు కాడు, పైగా మనకు నవ్వు వస్తుంది. అయినా ఆ పేరు మీద పడ్డాక మనిషి ఎలా కుంగిపోతాడో నాటకం చూపిస్తుంది. స్వయంగా వకీలైన రావిశాస్త్రి ‘ఆరు సారా కథలు’లో ఇంకో అడుగు ముందుకు వేసి, కోర్టు ఎవరిని ముద్దాయి అంటుందో వారి నోటనే కోర్టును వర్ణింపజేశాడు.

ఇప్పుడు మీ వంతు. ఒక వారంపాటు మీ దినపత్రిక జిల్లా పేజీ తీసుకోండి. అనుమానితుడు, నిందితుడు, ముద్దాయి, దోషి అన్న మాటలు ఏ దశలో ఉన్న మనిషికి వాడారో రాసుకోండి. అనుమానం పోలీసులది, నింద అభియోగానిది, దోషం తీర్పుది. అరెస్టు రోజునే ‘దోషులు పట్టుబడ్డారు’ అన్న వాక్యం మీకు దొరుకుతుందేమో చూడండి. తర్వాత కేసు కొట్టేసిన వార్త ఒకటి వెతకండి. అందులో ఆ మనిషిని ఏమని పిలిచారు? ‘నిర్దోషిగా విడుదలయ్యాడు’ అన్న క్రియ దగ్గర దొరుకుతుంది కానీ, మరుసటి వాక్యంలో కర్త స్థానంలో మళ్లీ ‘ముద్దాయి’ వస్తుందో, పేరు వస్తుందో గుర్తించి, మీ అభిప్రాయం పది పంక్తుల్లో రాయండి.